కడగని గింజలు

డబ్బా మూత తీయగానే మా మేనత్త ముందు కళ్లు మూసుకునేది. తర్వాత ముక్కు దగ్గరగా పెట్టుకుని, ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి, కాసేపు అలాగే ఉండిపోయేది. గుమ్మం అవతల సైకిల్ పట్టుకుని నిలబడ్డ కాంటీన్ వంటాయన అప్పటిదాకా ఎంత తొందరపెట్టినా, ఆ కాసేపు మాత్రం నోరు మెదిపేవాడు కాదు. అత్త కళ్లు తెరిచి తల ఊపితే ఆ డబ్బా ఆయన సంచిలోకి వెళ్లేది. ఊపకపోతే పక్కకి వెళ్లేది. ఎందుకని ఆయన ఎప్పుడూ అడగలేదు.

"అక్కా, నీ ముక్కుని ఒక్క నెల మా కాంటీన్‌కి అద్దెకివ్వు. మాకు పాలు పోసేవాడి సంగతి తేల్చుకుంటా" అనేవాడు.

"ముక్కొస్తే దాని వెనకాల నేనూ రావాలిగా. తిండి పెట్టగలవా?"

"నువ్వు తినే రెండు ముద్దలకేం గానీ, నువ్వు పెట్టే వంకలకి నేను ఉద్యోగం మానుకోవాలి."

"మానుకో. అప్పుడైనా ఆ ఫ్యాక్టరీ వాళ్లు మంచి కూర తింటారు."

ఈ మాటలన్నీ నేను లోపల ఫ్రిజ్ పక్కన కూర్చుని వినేదాన్ని. నవ్వొచ్చినా బయటికి నవ్వేదాన్ని కాదు. ఆయన ఎదురుగా వెళ్లి డబ్బా అందించమంటే ఫ్రిజ్ వెనక్కి జరిగేదాన్ని.

వీధిలో అందరూ అత్తని గింజలమ్మ అనేవారు. మార్కెట్ నుంచి బస్తాల్లో వచ్చిన పచ్చి బఠాణీ కాయలూ, చిక్కుడు కాయలూ ఒలిచి, గింజల్ని ఫ్రిజ్‌లో నిలవచేసి ఇవ్వడం ఆమె పని. మెయిన్ రోడ్డు అవతల బట్టలు కుట్టే ఫ్యాక్టరీ ఉంది. దాని కాంటీన్‌కే ఎక్కువ భాగం వెళ్లేది. ఆఫీసులకి వెళ్లే ఆడవాళ్లు కొందరు సాయంత్రం వచ్చి చిన్న డబ్బాలు పట్టుకెళ్లేవారు. అత్త కుడిచేతి బొటనవేలి గోరు ఏడాది పొడవునా ఆకుపచ్చగా ఉండేది. సబ్బుకీ పోదు, నిమ్మచెక్కకీ పోదు. "ఇది నా గోరింటాకులే" అనేది.

ఆ ఫ్రిజ్ మామయ్య చేసిచ్చింది. ఆయన ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. బాగుచేయడానికి వీల్లేక జనం వదిలేసిపోయిన వాటిలోంచి ఒకదాని ఒళ్లు, ఒకదాని తలుపు, మరొకదాని మోటారు తీసి అత్తకి ఒక ఫ్రిజ్ కట్టిచ్చాడు. ఒళ్లు నీలం, తలుపు మీగడ రంగు. హ్యాండిల్ ఊడిపోతే అక్కడ ఒక గుడ్డపీలిక కట్టి ఉండేది. మామయ్య పోయిన కొన్నాళ్లకి అత్త, బట్టల పెట్టె, ఈ ఫ్రిజ్ మా నాన్న సామాన్ల ఆటోలో మా ఇంట్లో దిగాయి. మామయ్య పనిసంచీ కూడా వచ్చింది. జిప్పు ఉన్న నల్లటి రెగ్జిన్ సంచి. దాన్ని ఫ్రిజ్ మీద పెట్టింది, అంతే, అది అక్కడే ఉండిపోయింది.

మా అమ్మకి అత్త ఆడబిడ్డ. "ఒక ఆడబిడ్డ అనుకుంటే ఇద్దరు దిగారు. ఒకరు మాట్లాడుతూనే ఉంటారు, ఇంకొకరు గుర్రుమంటూనే ఉంటారు" అని ఫ్రిజ్‌ని చూపించి అనేది. అత్త వినేలాగే అనేది. అత్త కూడా ఊరుకునేది కాదు. "గుర్రుమనేదే నయం మరదలా. నీకు చల్లటి నీళ్లయినా ఇస్తోంది."

నేను బడి మానేసిన ఏడాదే అత్త వచ్చింది. అమ్మకి నడుం పట్టేసి మంచం మీద ఉన్నప్పుడు ఇంటి పనికని నన్ను ఆపేశారు. అమ్మ లేచి తిరిగే వేళకి నాతో చదివినవాళ్లు పై తరగతికి వెళ్లిపోయారు. చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవడానికి నాకు మొహం చెల్లలేదు. అలా అత్త పక్కన చాప మీద కూర్చున్నాను. ఆమె ఒలుస్తుంటే ఒలిచాను. ఎవరూ పాఠం చెప్పినట్టు చెప్పలేదు. తప్పు చేస్తే మాత్రం చేతి మీద చిన్న దెబ్బ పడేది.

మొట్టమొదటి దెబ్బ గింజలు కడిగినందుకు. మట్టి ఉంది కదా, శుభ్రం చేసి లోపల పెడితే అత్త మెచ్చుకుంటుందని కుళాయి కింద పట్టాను. అత్త గిన్నె లాక్కుంది.

"ఏమే కోడలా, ఎవరు కడగమన్నారే నిన్ను?"

"మట్టి ఉందత్తా."

"మట్టి కాయకి ఉంటుంది, గింజకెందుకుంటుంది? తల్లి కడుపులోంచి అప్పుడే వచ్చింది. కడిగావంటే గింజ నీళ్లు తాగుతుంది. పూటుగా తాగినవాణ్ణి గదిలో పెట్టి తలుపేస్తే ఏం చేస్తాడు? పొద్దున్నకి గదంతా కంపు చేస్తాడు. ఇదీ అంతే. కడిగేది వండేవాళ్లు. మనం కాదు."

ఆమె పద్ధతి ఇదీ. గోరు దిగిన గింజ, పురుగు కుట్టిన గింజ ముందే ఏరేయాలి. మిగతావాటిని పాత చీర ముక్క మీద పల్చగా పరిచి ఫ్యాను కింద వదలాలి. కాయలోంచి వచ్చిన గింజకి చెమట పట్టి ఉంటుంది, అది ఆరాలి. ఆరాక డబ్బాలో అడుగున ఒక పొడిగుడ్డ, పైన ఒక పొడిగుడ్డ. డబ్బా నిండా కుక్కకూడదు, గింజలు ఒకదాన్నొకటి వేడి చేసుకుంటాయి. మూత బిగించకూడదు. ఫ్రిజ్‌లో వెనక గోడకి ఆనిస్తే మంచు కరుస్తుంది, తలుపులో పెడితే మాటిమాటికీ వేడిగాలి తగులుతుంది, అందుకని నడిమి అర. ఇది మామయ్య చెప్పిన మాట. ఇంత చేసినా రెండు మూడు రోజులు దాటితే నమ్మకం లేదు. గింజ పచ్చగా, గట్టిగా, చూడ్డానికి ముచ్చటగా ఉంటూనే లోపల పులవడం మొదలుపెడుతుంది. చేతికి జిగురు తగిలేది ఆ తర్వాతే. ముందు తెలిసేది ముక్కుకి.

"వర్షాలు తగ్గాక డబ్బాలు నువ్వే అందించాలి. వంటాయనతో నేనే చెప్తాను, ఇకనుంచి మా కోడలి చేతి సరుకు అని. ఈలోపు కాస్త నోరు విప్పడం నేర్చుకో. నీ మాట బయటికి రావాలంటే రశీదు అడిగేట్టుంది" అంది అత్త, కొన్నేళ్ల తర్వాత ఒక వానాకాలం.

నేను తల వంచుకుని ఒలుస్తూ ఉన్నాను. కానీ ఆ మాట చాలా రోజులు నాలోనే తిరిగింది. మా కోడలి చేతి సరుకు.

వర్షాలు తగ్గక ముందే అత్తకి జ్వరమొచ్చింది. పెద్ద జ్వరమేం కాదు, వీధిలో ఇంటికొకరికి వచ్చినలాంటిదే. ముక్కు కారింది, దగ్గు పట్టింది, పోయింది. అత్త మళ్లీ చాప మీద కూర్చుంది. మళ్లీ పొద్దున్నే కళ్లు మూసుకుని డబ్బా వాసన చూసి, తల ఊపి ఇచ్చేది. ఏమీ మారినట్టు లేదు.

ఒక మధ్యాహ్నం నేను డాబా మీద బట్టలు తీస్తుంటే కింద అమ్మ కేక వినిపించింది. పరిగెత్తుకుని వచ్చేసరికి వంటింటి కిటికీలు రెండూ బార్లా తీసి ఉన్నాయి. అమ్మ కొంగుతో గాలి తోలుతోంది. గ్యాస్ పొయ్యి నాబ్ సగం తిరిగి ఉండిపోయిందట. వంటింటి గుమ్మంలోనే అత్త చిక్కుడు గింజలు ఒలుస్తూ కూర్చుని ఉంది.

"వీధి చివరికే కొడుతోంది వాసన! పక్కనే కూర్చుని ఎలా ఉన్నారు వదినా?"

"జలుబు... ముక్కు దిబ్బడేసింది" అంది అత్త.

ఆమెకి జలుబు తగ్గి చాలా రోజులైంది. ఆ పూట ఆమె ఊపిరి ఎంత తేలిగ్గా ఆడుతోందో నాకు తెలుసు. ఆమె పక్కనే పడుకునేదాన్ని నేను.

ఆ తర్వాత చూడ్డం మొదలుపెట్టాను. నాకు చేతనైంది అదొక్కటే. అత్త ఉల్లిపాయ తొక్క నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేది. సబ్బు పెట్టుకునేది. అగ్గిపుల్ల గీసి ఆర్పి, పొగ పీల్చేది. ప్రతిసారీ కళ్లు మూసుకుని కాసేపు ఆగేది, లోపలెక్కడో తలుపు తెరుచుకుంటుందేమో అన్నట్టు. ఒకరోజు అమ్మ పక్కింటికి వెళ్లినప్పుడు ఫ్రిజ్ మీది నల్ల సంచి దించి, జిప్పు లాగి, మొహం మొత్తం అందులో పెట్టేసింది. లోపల స్పానర్లు ఒకదానికొకటి తగిలి చప్పుడైంది. అలా చాలాసేపు ఉంది. తల ఎత్తినప్పుడు మొహంలో ఏడుపు లేదు. ఎవరో పిలిస్తే వచ్చి చూసి, ఎవరూ లేక వెనక్కి వెళ్లేవాళ్ల మొహంలా ఉంది.

అదే రోజుల్లో అమ్మ నాన్నతో అంటుంటే నేనూ అత్తా విన్నాం. మా గదికీ వాళ్ల గదికీ మధ్య గోడ పైదాకా లేదు.

"వదినకి వయసు మీద పడుతోందండీ. గ్యాస్ సంగతి చూశారుగా. ఈ గింజల గోల మాన్పించండి. ఆ ఫ్రిజ్ తీసేస్తే గది కూడా కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఇంట్లో కూర్చుంటే మనం నాలుగు మెతుకులు పెట్టమా?"

అమ్మ అందులో చెడ్డగా ఏమీ అనలేదు. మంచి మనసుతోనే అంది. అత్త మాత్రం చేతిలో కాయ చీల్చకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.

"కూర్చోబెట్టి పెడతారట" అంది మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా. "కూర్చోబెట్టి ఎవరికి పెడతారో తెలుసా? మంచంలో పడ్డవాళ్లకి. లేదంటే, ఉన్నా లేకపోయినా ఒకటే అనుకున్నవాళ్లకి. నేను ఈ ఇంట్లోకి ఊరికే రాలేదు. పని వెంటబెట్టుకుని వచ్చాను."

కాయ చీల్చింది. గింజలు గిన్నెలో పడ్డాయి.

ముక్కు పోయిన సంగతి బయటపడితే ఆ పని పోతుంది. పని పోతే ఫ్రిజ్ పోతుంది. ఇది నాకు అర్థమైంది. అత్తతో ఆ మాట ఎత్తే ధైర్యం మాత్రం లేదు. అందుకని పొద్దున్నే ఆమె స్నానానికి వెళ్లగానే నేను ఫ్రిజ్ తలుపు పీలిక పట్టుకుని లాగేదాన్ని. డబ్బాలు ఒక్కొక్కటే తీసి వాసన చూసేదాన్ని. ఆమె దగ్గర కూర్చుని కూర్చుని నాకూ తెలిసొచ్చింది. మంచి గింజకి కోసిన గడ్డి వాసన ఉంటుంది. పులుపుకి తిరిగినదానికి తడి గుడ్డ ముద్దగా పడేసినప్పటి వాసన. అలాంటివి ఉంటే తొక్కల బుట్టలో అడుక్కి తోసి, మంచివి సర్ది, ఏమీ ఎరగనట్టు చాప మీద కూర్చునేదాన్ని. కాసేపటికి అత్త వచ్చి, తల తుడుచుకుంటూ, అవే డబ్బాలు వంటాయన ముందు మూత తీసి, కళ్లు మూసుకుని, వాసన చూసేది.

ఒకరోజు డబ్బా చేత్తో తూచినట్టు ఎత్తి, "నిన్న ఇది నిండుగా ఉన్నట్టుందే" అంది.

నేను తలెత్తలేదు. అత్త నా వైపు చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"సరేలే, గింజలు కూడా చిక్కిపోతాయి కాబోలు నాలాగ" అని వెళ్లిపోయింది.

ఆమెకి తెలిసిందనే నా నమ్మకం. తెలిసీ అడగలేదు. నేనూ చెప్పలేదు. అలా నడిచిపోతుందనే అనుకున్నాను.

తర్వాత ముసురు పట్టింది. ఎడతెరిపి లేని వాన. చీర ముక్కలే ఆరలేదు, ఇక వాటి మీది గింజలేం ఆరతాయి. బస్తాలో కాయలు చూస్తే నల్లబడుతున్నాయి, ఒలవక తప్పదు. ఫ్యాను కింద పరిచాం. కాసేపటికి కరెంటు పోయింది. అత్త గింజల మీద అరచెయ్యి ఆనించి చూసింది. నేను కూడా చెయ్యి పెట్టాను. చెమ్మ ఉంది.

"ఇంకా ఆరాలి అత్తా."

"కరెంటు ఎప్పుడొస్తుందో ఏమో. ఇలాగే బయట ఉంటే అసలుకే పోతాయి. లోపల చల్లగానే ఉంది, పెట్టేయ్."

పెట్టేశాం. ఫ్రిజ్ గుర్రుమనలేదు. దాని చప్పుడు లేకపోతే ఇల్లంతా ఎవరో అలిగి కూర్చున్నట్టుంది. తెల్లారినా కరెంటు రాలేదు. కరెంటు లేక మోటారు లేదు, మోటారు లేక కుళాయిలో నీళ్లు లేవు. వీధి మొదట్లోకి ట్యాంకర్ వచ్చిందని ఎవరో అరిచారు. అమ్మ రెండు బకెట్లు నా చేతిలో పెట్టి తోసినంత పని చేసింది. వెళ్లేముందు ఫ్రిజ్ వైపు చూశాను. అత్త అక్కడే నిలబడి జుట్టు ముడి వేసుకుంటోంది. ఆమె ఎదురుగా తలుపు ఎలా తీయను?

ట్యాంకర్ దగ్గర తోపులాట. నీళ్లు పట్టుకుని వానలో తడుస్తూ వచ్చేసరికి గుమ్మంలో సైకిల్ టైర్ల గీతలున్నాయి. వంటాయన వచ్చి వెళ్లిపోయాడు. బకెట్లు అక్కడే దించి ఫ్రిజ్ తలుపు లాగాను. సాయంత్రం వచ్చేవాళ్లకని ఉంచిన చిన్న డబ్బా ఒకటి ఉంది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టగానే తడి గుడ్డ వాసన కొట్టింది.

"అత్తా, పులిశాయి."

"ఏవి?"

"గింజలు. కాంటీన్‌కి కూడా ఇవేగా ఇచ్చింది."

అత్త నా చేతిలోంచి డబ్బా తీసుకుంది. కళ్లు మూసుకుంది. పీల్చింది. కళ్లు తెరిచి నన్ను చూసింది.

"నీ మొహం. బాగానే ఉన్నాయి. నేను చూసే ఇచ్చాను" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తర్వాత ఒక గింజ తీసి నోట్లో వేసుకుని కొరికింది. నమిలింది. ఇంకొకటి కొరికింది. నాలుక మీద ఏమైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నట్టు చాలాసేపు నమిలి, డబ్బా చాప మీద పెట్టి, బస్తా ముందుకు లాక్కుంది. ఇద్దరం కాయలు ఒలుస్తూ కూర్చున్నాం. ఏ సైకిల్ బెల్లు వినబడ్డా ఆమె వేళ్లు ఆగిపోయేవి.

మధ్యాహ్నం దాటాక ఆ సైకిలే వచ్చింది. వంటాయన బెల్లు కొట్టలేదు. ఎప్పుడూ గుమ్మం అవతలే ఉండే మనిషి లోపలికి వచ్చి, సంచిలోంచి డబ్బాలు తీసి నేల మీద పెట్టాడు. ఖాళీగా రావాల్సిన డబ్బాలు సగం నిండుగా వచ్చాయి.

"ఏంటక్కా ఇది?"

అత్త చేతిలోని కాయ గిన్నె పక్కన పెట్టింది.

"పెద్ద గిన్నె కూర మొత్తం పారబోయించారు. నేను కళ్లు లేనివాడిలాగ చూడకుండా గిన్నెలో పడేశాను, ఎందుకు? గింజలమ్మ ముక్కు చూసిందిగా అని. నేను కూడా వాసన చూడాలని ఇన్నేళ్లలో నాకు తోచలేదు. ఫోర్‌మన్ గిన్నె తెచ్చి నా మొహం దగ్గర పెట్టాడు. అందరి ముందు. ఇది తిను ముందు అన్నాడు."

"వానకి..." అంది అత్త.

"వాన నిన్నటిదా? ప్రతి ఏడూ వానలున్నాయి. నీ ముక్కుకేమైందో చెప్పు."

ఆయన కోపంతోనే అన్నాడు, దాని వెనక ఇంకేమీ లేదు. కానీ ఆ మాటకి అత్త మొహం పాలిపోయింది. అప్పటికే అమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. అత్త ఆయన్ని చూసింది, అమ్మని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"మా కోడలు పిల్ల కడిగి పెట్టిందయ్యా" అంది.

అమ్మ చేతులు తుడుచుకోవడం ఆపేసింది.

"కడిగిందా?" వంటాయన నా వైపు తిరిగాడు. "ఇన్నేళ్లు పక్కనే కూర్చుని ఇదా నేర్చుకుంది? ఏం పిల్లా, కడిగావా?"

"అదేంటి వదినా, దానికి తెలీదా..." అని అమ్మ మొదలుపెట్టింది.

అత్త కళ్లు నా మీదే ఉన్నాయి. వాటిలో బతిమాలడం లేదు. నేను అవునంటానని ఆమెకి తెలుసు. ఎన్ని పొద్దుటి పూటలు పులిసిన గింజల్ని తొక్కల బుట్ట అడుక్కి తోశానో ఆమెకి తెలిసినట్టే.

"కడిగాను" అన్నాను.

ఆయన నా గొంతు వినడం అదే మొదటిసారి. రశీదు అడగకుండానే వచ్చింది.

ఆయన కోపం అక్కడితో కాస్త దిగింది. తప్పు ఎక్కడ జరిగిందో తెలిస్తే మనిషికి కాస్త నెమ్మదిస్తుంది. డబ్బాలు కాలితో పక్కకి జరిపి, "నీ మొహం చూసి మానలేకపోతున్నానక్కా. రేపు కూడా వస్తాను. కానీ ఒక్క మాట. ఈ పిల్ల చెయ్యి నా సరుకు మీద పడకూడదు. ఒలవనీ, ఊడవనీ, నాకనవసరం. డబ్బాల జోలికి వస్తే మాత్రం నాకొద్దు" అన్నాడు.

"రానివ్వను" అంది అత్త.

ఆయన వెళ్లాక అమ్మ నన్ను తిట్టింది. ఇంట్లో ఏ పని చెప్పినా ఇంతేనంది, బడిలోనూ ఇంతేనంది. అత్త వింటూ కూర్చుంది. కల్పించుకోలేదు. సాయంత్రం ఆఫీసు ఆడవాళ్లు వస్తే ఈరోజు లేవని చెప్పి పంపేసింది. రాత్రి నా పక్కన పడుకుని గోడ వైపు తిరిగింది. ఎప్పుడో కరెంటొచ్చింది. ఫ్రిజ్ ఒక్కసారి ఒళ్లు విదిల్చుకుని మళ్లీ గుర్రుమనడం మొదలుపెట్టింది.

తెల్లవారి నేను లేచేసరికి అత్త స్నానం అయిపోయింది. ఫ్రిజ్ ముందు కూర్చుని ఉంది. రాత్రి కరెంటొచ్చాక తనొక్కతే లేచి గింజలు ఆరబెట్టి నింపిన డబ్బాలన్నీ కింద దించి ఉన్నాయి. ఒకదాని మూత తీసి, తన మొహం దగ్గరికి కాకుండా, నా మొహం దగ్గరికి చాచింది. నా కళ్లలోకి చూడలేదు. డబ్బా వైపే చూస్తోంది.

నేను వంగి వాసన చూశాను.

"చెప్పు" అంది.

"బాగుంది."

"బాగుంది అంటే? ఎలా ఉంది?"

"గడ్డి వాసనత్తా. అప్పుడే కోసినట్టు."

"ఇంకా?"

మళ్లీ వంగి పీల్చాను. "కొంచెం తియ్యగా... తడి మట్టి కొంచెం."

ఆమె తల ఊపింది. రెండో డబ్బా చాచింది. అలా అన్నీ అయ్యాయి. ఒకటి బాగాలేదన్నాను. ఎందుకు బాగాలేదని అడగకుండా పక్కన పెట్టేసింది.

సైకిల్ బెల్లు మోగింది. అత్త చేత్తో నన్ను వెనక్కి జరగమంది. ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య మనిషి ఒదిగేంత చోటుంది. అక్కడ నిలబడ్డాను. ఫ్రిజ్ వెనకుండే నల్లటి తీగల జల్లెడ నా చేతికి వెచ్చగా తగులుతోంది. లోపలి చల్లదనానికి బయటికి పోవాల్సిన వేడంతా అక్కడే ఉంటుందని మామయ్య చెప్పేవాడట.

అత్త గుమ్మంలో మూత తీసిన శబ్దం వినిపించింది. కాసేపు నిశ్శబ్దం. ఆ కాసేపు ఎప్పటికన్నా ఎక్కువ.

"ఆ, ఇదీ ముక్కంటే!" అన్నాడు వంటాయన. "ఇదిగో, ఈసారి నేనూ చూశాను. మల్లెపూవులా ఉన్నాయి. ఆ పిల్ల దూరంగా ఉందా?"

"దూరంగానే ఉంది."

"ఉంచు. కొందరి చెయ్యి అంతే అక్కా. ఏం పెట్టినా పులుస్తుంది."

డబ్బా మూత పెట్టిన చప్పుడైంది. సైకిల్ వెళ్లిపోయింది. నేను బయటికి రాలేదు. అత్త వచ్చి ఫ్రిజ్ ముందు నిలబడింది. నిన్నటి గురించి ఏమైనా అంటుందని చూశాను. చెయ్యి పైకి చాచి ఫ్రిజ్ మీది నల్ల సంచి దించింది. జిప్పు లాగి, డబ్బా చాచినట్టే నా ముందుకి చాచింది.

"ఇది?"

వంగాను. అడుగున స్పానర్లు, ఒక వంకర కట్టింగ్ ప్లేయరు, రాగి తీగ చుట్ట. గ్రీజు ఎప్పుడో ఎండిపోయి పొలుసులు పొలుసులుగా ఉంది. మరోసారి పీల్చాను. ఇంకోసారి.

ఏదో ఒకటి చెప్పొచ్చు. నూనె వాసన ఉందనో, మామయ్య వాసన ఉందనో. కాదనడానికీ, కనిపెట్టడానికీ అత్తకి దారి లేదు. అయితే కాసేపటి కిందటే కదా గింజల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇక్కడొకటీ అక్కడొకటీ చెప్తే రేపు డబ్బా గురించి నేను చెప్పేది ఆమె ఎలా నమ్ముతుంది?

"తుప్పు వాసనత్తా."

"అంతేనా?"

"అంతే."

అత్త సంచిలోకి చూసింది. జిప్పు సగంలో ఇరుక్కుంటే నెమ్మదిగా వెనక్కి లాగి, మళ్లీ ముందుకి లాగి మూసింది. సంచిని ఎప్పటి చోటే పెట్టింది.

"బస్తా ఇలా లాగు. వాన మళ్లీ వచ్చేట్టుంది" అంది.